పేరు మొక్కల మీద బూజు

ముసురు మొదటి రోజు

తోట పెట్టెల దగ్గర ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టమని నాయుడు మావ చెప్పాడు. ఆయన ఈ సొరంగానికి పెద్ద, నాకు వరసకు మావ. "పంకా ఆగిపోతే తోట ఏ గతి పడతాదో ఎవులో ఒకలు రాసుంచాల పోలమ్మా. మల్లీ ముసురు రాకుండా ఉంటాదేటి?" అన్నాడు. నాది కత్తెర పట్టిన చెయ్యి, కలం పడితే వంకర్లు పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాననే ఈ పని నాకు అంటగట్టాడని తెలుసు. లేని మాట చెప్పడం నాకు రాదు, దానివల్ల ఈ సొరంగంలో నాతో మాటల్లేనివాళ్ళు కొందరున్నారు కూడా.

బయట మబ్బు కమ్మేసింది. కొండ మీద పరిచిన పలకలకి ఎండ తగలడం లేదు. కరెంటు లేదు. సొరంగం వెనక నోట్లో ఉన్న పెద్ద పంకా పొద్దున్నే ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న హోరు ఉన్నట్టుండి పోయేసరికి అందరూ మాటలాపి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వంట దగ్గర ఎవరో గరిట కింద పెడితే ఆ చప్పుడు ఈ కొస దాకా వినిపించింది.

పెట్టెల్ని మాత్రం ఎప్పటిలాగే తోశాం. తాతల కాలంలో ఈ పట్టాల మీద రైలు నడిచేదట. బయట ఎండ మనిషిని ఉడకబెట్టడం మొదలయ్యాక జనం లోపలికి వచ్చి చేరారు. ఆ రైలు పెట్టెలకే పైకప్పు కోసి, మన్ను నింపి, తోటలు చేసుకున్నారు. ముందు నోటికి అద్దం బిగించి ఉంది. వంతు ప్రకారం ఒక్కో పెట్టెనూ అద్దం దాకా తోసి, కాసేపు ఎండ చూపించి, వెనక్కి లాగుతాం. తోసేవాడు తవుడు. ఒంట్లో ఎద్దు బలం, మనసులో పసివాడి మొండితనం. ఇవాళ అద్దం బయట వెలుగు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

"ఈ ఎలుగుకి తోసినా ఒకటే, తొయ్యకపోయినా ఒకటే" అని సణిగాడు. నాలుగో పెట్టె దగ్గరికి వచ్చేసరికి సణగడం మానేశాడు. దాన్ని చేత్తో కాకుండా భుజం ఆనించి, కుదుపు లేకుండా మెల్లగా తోశాడు.

నాలుగోది పేర్ల పెట్టె. అందులో తవుడి పెళ్ళాం నూకాలమ్మ ఉంది. మా ఆయనా ఉన్నాడు.

ముసురు మూడో రోజు

ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎవరైనా కొత్తవాళ్ళు చదువుతారేమోనని పేర్ల పెట్టె గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాకు పాతిపెట్టడానికి నేల లేదు, మనిషిని కాల్చేంత కట్టె లేదు. పోయినవాళ్ళని మన్ను గదిలో గడ్డి కప్పి పడుకోబెడతాం. మన్ను అయ్యాక ఒక కుండీకి సరిపడా ఎత్తి అందులో టమాటా గింజ వేస్తాం. అదే పేరు మొక్క. ఇంటివాళ్ళు తమ తాగునీళ్ళ వంతులోంచి రోజూ ఒక గుక్క మిగిల్చి దాని తల మీద పోస్తారు. దాని ఆకు ఎవరూ కోయకూడదు. పండినా, ఎండినా, రాలినా అది ఎక్కడ పడితే అక్కడే ఉండాలి. మొదటి కాయ పండినప్పుడు కోసి, ఇంట్లోవాళ్ళంతా తలో ముక్క తింటారు. పెద్దాయన గుమ్మం ముందు నిలబడి "మింగారా?" అని అడుగుతాడు. "మింగాం" అంటే మైల తీరినట్టు. ఆ తర్వాత ఏడవకూడదు, నీళ్ళు పోయకూడదు. మన్ను పెద్ద తోటలో కలిసిపోతుంది. ఆ పేరు పుట్టే బిడ్డకి పెట్టుకోవచ్చు.

మా ఆయన పంకా మనిషి. దాని ఇరుసుకి నూనె పెట్టడం, రెక్కలు తుడవడం ఆయన పని. ఇంటికొచ్చినా ఒళ్ళంతా నూనె వాసనే. ఆ చేతులతో నా చీర ముట్టుకోవద్దని రోజూ తిట్టేదాన్ని. పోయిన ఎండాకాలం పంకా కింద నూనె డబ్బా పట్టుకునే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఆయన మొక్క నా నడుం ఎత్తుకి వచ్చింది. మూడు కాయలు కాసింది. ఇంకా పచ్చివే.

మిగతా పెట్టెల్లో నాకు చేతినిండా పని. పంకా ఆగాక గోడలు చెమట పడుతున్నాయి. రాత్రి ఆకుల మీద పడ్డ తడి మధ్యాహ్నానికి కూడా ఆరడం లేదు. పండుటాకుల్ని కత్తెరతో కాడకి దగ్గరగా కోస్తున్నాను. చేత్తో లాగితే తొక్క చీరుకుపోతుంది, మొక్కకి అది పుండు. కాయల మొదట అంటుకున్న పాత పూరేకుల్ని బ్రష్షుతో దులుపుతున్నాను. కింద రాలినవాటిని ఏరి మూత ఉన్న డబ్బాలో వేస్తున్నాను. చెమ్మ రోజుల్లో తోటకి చావు పచ్చటి ఆకు మీంచి రాదు, చచ్చిన ఆకు మీంచి వస్తుంది. మా అమ్మ నాకు ఈ పని నేర్పినప్పుడు ముందు చెప్పిన మాట అదే.

పేర్ల పెట్టెలో మాత్రం కత్తెర జేబులో పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడాలి. తొమ్మిది కుండీలు, వాటి కింద పండుటాకులు, ఆకుల మీద రాలిన పూరేకులు. చూస్తుంటే నా వేళ్ళు దురద పెట్టాయి.

మా అత్త అప్పలకొండ చెంబుతో వచ్చింది. గుక్కెడు పోయాలని ఆచారం. ఆవిడ సగం చెంబు తెస్తుంది. మిగతా సగంతో రోజంతా గడుపుతుంది. పెదాలు ఎప్పుడూ పగిలే ఉంటాయి.

"అత్తా, మొదట్లో పొయ్యి. తల మీద వద్దు. గాలి లేదు, ఆరదు" అన్నాను.

"కాల్ల మీద పోత్తే తానం అవుద్దేటే?" అంది. "ఆడికి తల మీంచి పోత్తేనే ఊరుకునేవోడు. పుట్టినకాడ్నించి నీల్లోసింది నానా, నువ్వా?"

"నాకు పెళ్ళయ్యాక నేనే పోశాను."

"నువ్వు పోసిన నీల్లకే సిక్కిపోనాడు" అని నవ్వి, చెంబు పైకెత్తి, ఆకులన్నీ తడిసేలా చుట్టూ తిప్పి పోసింది. చివరి చుక్కని వేలితో తీసి పైన చిగురుకి రాసింది. నీళ్ళు ఆకు మీంచి ఆకు మీదకి టప్పుటప్పుమని పడుతుంటే కళ్ళార్పకుండా చూసింది.

ముసురు ఆరో రోజు

వచ్చింది.

మా ఆయన మొక్క మీదే ముందు చూశాను. కింది ఆకు మీద ఒక పూరేకు రాలి, తడికి అంటుకుపోయి ఉంది. దాని చుట్టూ గోధుమరంగు మచ్చ, ఉడికిన ఆకులా మెత్తగా. దీపం దగ్గరగా పెట్టి చూస్తే మచ్చ మీద బూడిదరంగు నూగు లేచి ఉంది. ఊపిరి తగలగానే అది పొగలా లేచింది. నేను ముక్కు మూసుకుని వెనక్కి జరిగాను. మూసుకున్నా లాభం లేదు. నాలుగో పెట్టె గాలంతా ఇప్పుడు అదే.

దీన్ని మేం బూడిద బూజు అంటాం. చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. అప్పుడు పంకా నడుస్తూనే ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ పొగలో ఉన్న ప్రతి రేణువూ ఒక విత్తనం. పొడి ఆకు మీద పడితే దానికి దిక్కు లేదు. తడి మీద పడితే, ఆ తడి ఒక రాత్రంతా ఆరకపోతే, మొలకెత్తుతుంది. అప్పుడు కూడా బలంగా ఉన్న ఆకు జోలికి ముందుగా పోదు. వాడిన పూరేకు, పండిన ఆకు, విరిగిన చోటు వెతుక్కుంటుంది. అక్కడ తిని బలిశాక పక్కనున్న పచ్చి ఆకు మీద పడుతుంది. బతికున్నదాన్ని తినలేదు అది. ముందు చంపుతుంది, తర్వాత తింటుంది.

పూవులో దూరితే ఇంకా అన్యాయం. పూవు కాయ అవుతుంది, కాయ నిగనిగలాడుతూ పెరుగుతుంది, బూజు లోపల మాట్లాడకుండా కూర్చుంటుంది. కాయ పండి తీపెక్కే రోజున బయటికి వస్తుంది.

వెంటనే నాయుడు మావ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన వచ్చి, దూరం నుంచి చూసి, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆ ఆకొక్కటీ కోసేత్తే సరిపోదా?"

"కోయనిస్తారా?" అన్నాను.

"మనమే కోసినాం అంటే రేపు ఎవులి మొక్క మీద ఎవులు సెయ్యేత్తారో సెప్పలేం" అన్నాడు. "రెండు రోజులు సూద్దాం. ముసురు ఇరగొచ్చు."

ముసురు విరగకపోతే ఏమవుతుందో ఆయనకి చెప్పాను. విన్నాడు. పేర్ల పెట్టెకి అటు మూడో పెట్టె, అందులో చిక్కుడు. ఇటు ఐదో పెట్టె, అందులో విత్తనాల టమాటా. ఆ రెండూ పోతే ఈ ఏడాది పిల్లల కంచాల్లోకి పెట్టడానికి ఏమీ ఉండదు. అది కూడా విన్నాడు. "రెండు రోజులమ్మా" అన్నాడు మళ్ళీ.

నేను ఊరికే కూర్చోలేదు. నా సొంత టమాటా మడిలోంచి రెండు పచ్చి ఆకులు కోశాను. రెండిటి మీదా ఆ నూగు దులిపాను. ఒకదాన్ని పొడిగా ఉంచి చిల్లుల జల్లెడ బోర్లించాను. రెండోదాని మీద గుక్కెడు నీళ్ళు పోసి గిన్నె బోర్లించాను. మనుషులు మాట వినరు. కళ్ళకి చూపిస్తే వింటారేమో.

సాయంత్రం అత్త చూడనే చూసింది.

"ఆ గిన్ని కింద ఏటే?"

"ఆకు."

"ఆకుని దాసుకుంతన్నావా?"

"రెండు రోజులాగి చూపిస్తా" అన్నాను. చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ ఆవిడ మొహం చూడలేక చెంబులు సర్దుతూ చెప్పాను.

ముసురు ఎనిమిదో రోజు

నాలుగు కుండీలకి పాకింది. నూకాలమ్మ మొక్కకి నడికాండం మీదే పట్టింది. ఉంగరంలా చుట్టుకుంది, దాని పైనున్నదంతా వేలాడిపోయింది. తవుడు దానికి ఒక పుల్ల ఆనించి గుడ్డపీలికతో కట్టాడు. కట్టి, ఆ చేత్తోనే వెళ్ళి మూడో పెట్టెని తోశాడు. నేను చూసి అరిచేలోపే చిక్కుడు తీగ ఒకటి పక్కకి జరిపాడు.

"సెయ్యి కడుక్కో తవుడూ."

"కడుక్కోవడానికి నీల్లేయి? ఆ నీల్లు నూకాలుకి పోసినాను."

వాడితో వాదించలేదు. చిక్కుడు తీగ దగ్గర దీపం పట్టుకుని కూర్చుని, తడిగా ఉన్న ప్రతి ఆకూ పొడిగుడ్డతో అద్దాను. ఒక కొస నుంచి మొదలుపెట్టి రెండో కొసకి వచ్చేసరికి మొదటి కొస మళ్ళీ తడిసింది. ఏడుపొచ్చింది. మా ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఈయన ఉంటే పంకాని చేత్తో తిప్పయినా గాలి ఆడించేవాడు. ఒకసారి అలా తిప్పాడు కూడా, నలుగురిని పోగేసి, వంతులేసి, పాటలు పాడించి. భుజం వాచి నెల రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. ఇప్పుడు ఆ ఇరుసు ఎటు తిప్పాలో తెలిసినవాడు కూడా లేడు.

అత్త ఇవాళ కూడా వచ్చి పోసింది. ఆకులు వేలాడుతున్నాయని చెంబంతా పోసింది.

"దాహంతో సోలిపోతన్నాడు, సూడే" అంది.

మొక్క వడలితే నీళ్ళు చాలలేదని ఎవరైనా అనుకుంటారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోబోయాను కూడా. ఆలోపే ఆవిడ ఖాళీ చెంబు అంచు నాకి, నాకు కనపడకుండా కొంగుతో పెదాలు తుడుచుకుంది. నేను అక్కడి నుంచి వెళ్ళిపోయాను.

ముసురు తొమ్మిదో రోజు

చిక్కుడు మీద మచ్చ కనపడింది. ఒక్కటే. మావకి చూపించాను. ఆయన ఇక రెండు రోజుల మాట ఎత్తలేదు. అందరినీ పట్టాల దగ్గరికి పిలిపించాడు.

జల్లెడ, గిన్నె రెండూ మధ్యలో పెట్టాను. జల్లెడ తీశాను. ఆకు కొద్దిగా వడలింది, అంతే, పచ్చగానే ఉంది. గిన్నె తీశాను. దాని కింద ఆకు లేదు. ఆకు ఆకారంలో బూడిదరంగు బొచ్చు ఉంది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి జరిగారు.

"రెండిటి మీదా ఒకే బూజు వేశాను" అన్నాను. "ఒకే గది, ఒకే చీకటి. తేడా ఒక్కటే. దీని మీద గుక్కెడు నీళ్ళు పోశాను."

నీళ్ళనగానే ఏం చెప్పబోతున్నానో వాళ్ళకి అర్థమైంది.

"పేరు మొక్కల తల మీద పోసే నీళ్ళతోనే అది మొలిచింది. కోయని ఆకుల మీద తిని బలిసింది. ఇప్పుడు చిక్కుడులోకి వచ్చింది."

తవుడు లేచాడు. "అయితే ఏటంతావు? బూజొచ్చిందని నా పెల్లాన్ని పొయ్యిలో ఎడతావా?"

"అవును" అన్నాను. మెత్తగా చెప్పడానికి మాటలు వెతికాను, దొరకలేదు. "మొక్కల్ని పొయ్యిలో పెట్టాలి. మన్నుని కూడా వేయించాలి. చచ్చిన కాడల మీద ఆవగింజల్లాంటి నల్ల గింజలు కడుతుంది ఇది. అవి మన్నులో పడితే ఎన్నాళ్ళయినా చావవు. మళ్ళీ చెమ్మ రాగానే లేస్తాయి."

తవుడు నా మీదకి వచ్చేవాడే. నాయుడు మావ అడ్డంగా చెయ్యి చాపాడు. "మూడో పెట్టి పోతే పిల్లలకేటెడతావు, సెప్పరా" అన్నాడు. తవుడికి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళు వాడి వెనకే నిలబడి ఉన్నారు. వాడు ఏదో అనబోయి, పిల్లల వైపు చూసి, పట్టా మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

మా అత్త ముందు వరసలోనే ఉంది. గిన్నె కిందున్నదాన్ని వంగి, వంగి, చాలా దగ్గర నుంచి చూసింది. నెమ్మదిగా నా వైపు తలెత్తింది.

"అంటే నా నీల్లేనా?"

ఒక్క నీవే కాదు అత్తా, అందరివీ అనొచ్చు. అది కూడా నిజమే. కానీ ఆవిడ అడిగింది అందరి గురించి కాదు. ఆవిడంత నీళ్ళు ఎవరూ పోయలేదు, బూజు లేచింది కూడా ముందు అక్కడే.

"అవును అత్తా" అన్నాను.

"నా వొంతు నీల్లే కదే అవి" అంది. "ఒకల్ని అడగనేదు. నా నోటికాడియి తీసి పోసినాను." చేతిలో చెంబు కింద పెట్టి, "ఎండిపోతాడేమోనని" అంది.

ఎవరో ఆవిడ భుజం పట్టుకుని లేపారు. వెళ్తూ చెంబు అక్కడే మరిచిపోయింది.

మావ తీర్పు చెప్పాడు. రేపు పొద్దున్న తొమ్మిది కుండీల కాయలూ పచ్చివే కోసేస్తారు. బాగున్న కాయ ఏ ఇంటికి దొరికితే ఆ ఇల్లు దాన్నే తిని మైల తీర్చుకోవాలి. పండేదాకా ఆగడానికి లేదు. పండిన రోజునే బూజు బయటపడుతుందని నేనే చెప్పాను కాబట్టి నేనే తల దించుకున్నాను. "పచ్చికాయతో తీరుద్దా?" అని ఎవరో అడిగారు. "తీరినట్టే అనుకోవాల" అన్నాడు మావ. ఆయన గొంతు కూడా బాగాలేదు. ఆ తొమ్మిదింటిలో ఒకటి ఆయన తమ్ముడిది.

ముసురు పదో రోజు

కాయలు కోసింది నేనే. ఎవరి మొక్క వాళ్ళు కోయలేమన్నారు. ఒక్కో కుండీకీ తడి సంచి కప్పి, నూగు లేవకుండా మెడ దగ్గర బిగించి, మొక్కని మొదలంటా కోసి సంచితో సహా పట్టుకెళ్ళాను. కాయల్ని మాత్రం ముందే తీసి ఆకు మీద పెట్టాను. తవుడి కాయ ఒక పక్క బాగానే ఉంది. వాడు రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకున్నాడు. నా వైపు చూడకుండా పిల్లల దగ్గరికి నడిచాడు.

మా ఆయన మొక్కని ఆఖరికి ఉంచాను. మూడు కాయల్లో రెండింటికి తొడిమ దగ్గర మెత్తబడింది. మూడోది గట్టిగా, గుప్పెడంత, ముదురు పచ్చగా ఉంది. కోస్తుంటే టమాటా ఆకు వాసన చేతికి అంటింది. నూనె వాసన రాదని తెలుసు. అయినా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను.

మన్ను వేయించేటప్పుడు అత్త వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. వంటవాళ్ళ పెద్ద మూకుడులో ఒక్కో కుండీ మన్నూ విడివిడిగా వేయిస్తున్నాం. మా వంతు వచ్చింది. ఆవిరి లేస్తోంది. నేను గరిటతో కలియబెడుతున్నాను.

"కాల్సకూడదనే కదే మన్ను సేసినాం" అంది అత్త.

నేను గరిట ఆపలేదు.

"మాడబెట్టకు" అంది. గరిట నా చేతిలోంచి తీసుకుంది. మన్ను ఆవిరి పోయేదాకా, చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కేదాకా, ఆవిడే అడుగంటకుండా కలియబెట్టింది. పిల్లాడికి ఉగ్గు కాచినట్టు మంట తగ్గిస్తూ, పెంచుతూ చేసింది. చెమట కారుతుంటే తుడుచుకోలేదు.

సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. కాయని నాలుగు చెక్కలు చేశాను. లోపల శుభ్రంగా ఉంది, గింజలు ఇంకా లేతగా, నీళ్ళ నీళ్ళుగా ఉన్నాయి. ఉప్పు అద్ది ఒక ముక్క ఆవిడకిచ్చాను, ఒకటి నేను తీసుకున్నాను. పుల్లగా, వగరుగా ఉంది. నేను గబగబా నమిలి మింగేశాను, చేదు మందు మింగినట్టు. కాయ పండడానికి ఇంకా నాలుగు వారాలు ఉందనుకున్నాను. ఆయన మీద కోపం పూర్తిగా తీరలేదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, రోజుకొకటి కుండీ దగ్గర నిలబడి చెబుతున్నాను. ఇవాళ్టితో అవి చెప్పడానికి లేదు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మైల తీరాక ఏడవకూడదు. అయినా ఏడ్చాను.

అత్త ముక్క నోట్లో వేసుకుంది. దవడ ఆడించింది. ఏమీ మాట్లాడకుండా వెళ్ళి పడుకుంది.

ముసురు విరిగిన రోజు

పొద్దున్నే ఎండ వచ్చింది. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని అందరూ అనుకున్నారు. ఏమీ అయ్యేది కాదు, పూవుల్లో దూరింది దూరనే దూరింది. అయినా నాకూ ఆ ఆలోచన వచ్చింది. పంకా మెల్లగా గర్రుమని మొదలై హోరందుకుంది. గాలి ఆడగానే గోడలు ఆరడం మొదలుపెట్టాయి. చిక్కుడు మీద కొత్త మచ్చ లేదు. ఐదో పెట్టె శుభ్రంగా ఉంది. తోట బతుకుతుందని రాయొచ్చు.

అత్త మాత్రం మాట్లాడలేదు. నా మీద కోపమనుకున్నాను. కోపం ఉండాలి కూడా. గంజి పెడితే గిన్నె పక్కకి జరిపింది. నీళ్ళు ఇస్తే తల అడ్డంగా ఊపింది. ఇన్నాళ్ళు కొడుక్కి పోసి ఎండిపోయిన మనిషి, ఇప్పుడు చెంబు నిండా ఉన్నా తాగదేమిటని దగ్గరికి వెళ్ళి చూశాను.

ఎడమ చెంప ఉబ్బి ఉంది.

"అత్తా, పన్ను నొప్పా?"

చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు బెల్లం దొంగిలించి దొరికిపోయినప్పుడు చూసే చూపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు. నిన్న అందరిలాగే నోట్లో వేసుకుంది. నమిలినట్టు దవడ ఆడించింది. మింగలేదు. రాత్రంతా బుగ్గలో పెట్టుకునే పడుకుంది. గంజి తాగితే జారిపోతుందని తాగలేదు. నీళ్ళు తాగితే వెళ్ళిపోతాడని తాగలేదు. నోరు విప్పి నన్ను తిట్టడానికి కూడా లేకుండా కొడుకుని అక్కడ దాచుకుంది.

నేను ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. మింగమని చెప్పాలి, ఆచారం అది. ఆవిడ మింగకపోతే మా ఇంటి మైల తీరదు, ఆ వేయించిన మన్ను తోటలోకి పోదు. అన్నీ తెలిసిన మనిషికి ఏం చెప్పను.

నాయుడు మావ ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. పక్క గుమ్మం దగ్గర తవుడు గొంతు వినపడింది. "మింగినాను, పిల్లలు కూడా మింగినారు" అన్నాడు. తర్వాత మావ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆచారం ప్రకారం లోపలికి తొంగిచూడకుండా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

"పోలమ్మా, మింగారా?"

"నేను మింగాను మావా."

"మీ అత్త?"

అత్త నా వైపు చూసింది. చెయ్యి చెంప మీదే ఉంది. ఆ చెయ్యి మీద నిన్న పొయ్యి దగ్గర కాలిన బొబ్బ ఉంది. మొన్న అంతమంది ముందు ఆవిడ అడిగినప్పుడు నేను అవునన్నాను. ఇవాళ ఆవిడ అడగడానికి నోరు కూడా ఖాళీ లేదు.

"మింగింది మావా" అన్నాను.

"మంచిదమ్మా" అని మావ తర్వాతి ఇంటికి వెళ్ళాడు.

పెట్టెల దగ్గర ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి ఇది కూడా రాశాను. మావ ఇది చదువుతాడని తెలుసు. చదివి, మళ్ళీ వచ్చి గుమ్మం ముందు నిలబడి అడిగితే, మళ్ళీ అదే చెబుతాను.